శబ్దాన్ని సంఖ్యలుగా మార్చిన అలెక్ రీవ్స్

సీడీ ప్లేయరు మీట నొక్కగానే లోపలి పళ్లెం గిర్రున తిరుగుతుంది. మరుక్షణం గదిలో పాట వినిపిస్తుంది. గ్రామఫోన్ రికార్డు గాడిలో ధ్వని తరంగపు ఆకారమే చెక్కి ఉండేది. సీడీ మీద ఉండేవి సంఖ్యలు మాత్రమే. ఒక్క సెకనుకు, ఎడమ చెవికి 44,100 సంఖ్యలు, కుడి చెవికి మరో 44,100. ఆ సంఖ్యలను వరుసగా అందుకుని, తిరిగి ఎగుడుదిగుడు విద్యుత్తుగా మార్చే చిన్న విభాగం ప్రతి ప్లేయరులోనూ ఉంటుంది. దానిని డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్ అంటారు. వాడుకలో దాని పేరు డాక్.

మనిషి గొంతు ఒక చోట సంఖ్యగా మారి, మరో చోట తిరిగి గొంతుగా రాగలదన్న ఆలోచనకు, ఆ రాకపోకలకు కావలసిన యంత్రాంగానికి పూర్తి రూపం ఇచ్చిన వ్యక్తి బ్రిటిష్ ఇంజనీరు అలెక్ హార్లే రీవ్స్. 1937లో పారిస్‌లో ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. తొలి సీడీ ప్లేయరు దుకాణానికి రావడానికి 11 సంవత్సరాల ముందే ఆయన కన్నుమూశారు.

పటాల ఇంటి బిడ్డ

అలెక్ రీవ్స్ 1902 మార్చి 10న ఇంగ్లండ్‌లోని సర్రే ప్రాంతంలో, రెడ్‌హిల్ పట్టణంలో జన్మించారు. తండ్రి ఎడ్వర్డ్ రీవ్స్ లండన్‌లోని రాయల్ జియొగ్రాఫికల్ సొసైటీలో పటాల సంరక్షకుడు. దూరదేశాలకు బయలుదేరే అన్వేషకులకు సర్వే విద్య నేర్పేవారు. నేలను కొలిచి కాగితం మీద అంకెలుగా, గీతలుగా మార్చడం, ఆ కాగితాన్ని చూసి తిరిగి నేల మీద దారి కనుక్కోవడం ఆ ఇంట నిత్యం వినిపించే మాటలు.

రైగేట్ గ్రామర్ స్కూలులో చదువు ముగించిన అలెక్, ఉపకార వేతనంపై లండన్‌లోని సిటీ అండ్ గిల్డ్స్ ఇంజనీరింగ్ కళాశాలలో చేరారు. అనంతరం ఇంపీరియల్ కళాశాలలో పై చదువు చదివారు. 1923లో ఇంటర్నేషనల్ వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో ఉద్యోగం దొరికింది. అట్లాంటిక్ మహాసముద్రానికి ఆవలి ఒడ్డుతో రేడియో ద్వారా టెలిఫోన్ సంబంధం కలపాలని ఇంజనీర్లు శ్రమిస్తున్న రోజులవి. ఆ బృందంలో రీవ్స్ ఒకరు. 1927 జనవరిలో లండన్, న్యూయార్క్ నగరాల మధ్య ఆ సేవ ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. మూడు నిమిషాల మాటకు 15 పౌండ్లు చెల్లించవలసి వచ్చేది. ధనవంతులకు తప్ప అందని సేవ అది. అయినా మాట సముద్రం దాటింది.

ఆ లోపే సంస్థ యాజమాన్యం అమెరికాకు చెందిన ఐటీటీ చేతికి మారింది. 1927లో రీవ్స్‌ను పారిస్‌లోని పరిశోధనాశాలకు పంపారు. అక్కడ ఆయన సుదూర రేడియో టెలిఫోన్ వ్యవస్థలను మెరుగుపరచే పనిలో మునిగిపోయారు. 1931 మార్చిలో ఆయన సంస్థ ఇంజనీర్లు ఇంగ్లిష్ చానల్‌కు ఇరువైపులా డోవర్, కాలే తీరాల మధ్య సుమారు 18 సెంటీమీటర్ల పొడవు గల అతిచిన్న రేడియో తరంగాలపై మాటను పంపి చూపారు. మాట ఎంత దూరమైనా వెళ్లగలదని అప్పటికి రుజువైంది. వెళ్లిన మాట ఎంత శుభ్రంగా చేరుతుందన్నదే మిగిలిన ప్రశ్న.

పేరుకుపోయే రొద

దూరం పెరిగే కొద్దీ విద్యుత్ సంకేతం నీరసిస్తుంది. అందుకే దారి పొడవునా అక్కడక్కడ దానికి బలం పోసే రిపీటర్లు పెట్టేవారు. ఇబ్బంది అక్కడే మొదలయ్యేది. తీగలో, గాలిలో, వాల్వులో పుట్టిన రొద మాటతో కలిసిపోయేది. రిపీటరుకు మాటకూ రొదకూ తేడా తెలియదు. రెండింటినీ సమానంగా పెంచేది. తరువాతి మజిలీలో కొత్త రొద చేరేది, పాతది మరింత పెరిగేది. పది మజిలీలు దాటేసరికి అవతలి మనిషి గొంతు వాన హోరులో మునిగినట్లుండేది. ఒకే తీగపై, ఒకే తరంగంపై ఎక్కువ సంభాషణలను ఇరికించే కొద్దీ ఒకటి మరొకదానిలోకి చొరబడేది.

తాళపత్ర గ్రంథాలకు నకళ్లు రాసే లేఖకుడి పనితో దీనిని పోల్చి చూడవచ్చు. ఒక బొమ్మకు నకలు, ఆ నకలుకు మరో నకలు గీస్తూ పోతే పదో చేతికి వచ్చేసరికి ముఖకవళికలు మారిపోతాయి. ఎక్కడ ఎంత మారిందో చెప్పడం కష్టం. అదే అక్షరాలైతే సంగతి వేరు. ఆకు చిరిగినా, మసి కమ్మినా, అది ఏ అక్షరమో గుర్తుపట్టగలిగినంత వరకు లేఖకుడు దానిని కొత్తగా, స్పష్టంగా రాస్తాడు. మసి మాత్రం కొత్త ఆకు మీదికి రాదు.

రీవ్స్ చేసిన ఆలోచన సరిగ్గా ఇదే. మాటను బొమ్మలా పంపడం మానేసి అక్షరాలలా పంపితే ఎలా ఉంటుంది? అక్షరాలు రెండే ఉంటే ఇంకా మేలు. పల్స్ ఉంది, లేదా లేదు. దారిలో ఎంత రొద చేరినా, రిపీటరు తేల్చవలసింది ఒక్కటే: ఇక్కడ పల్స్ ఉందా, లేదా? ఉందని తేలితే అరిగిపోయిన పాత పల్స్‌ను వదిలేసి సరికొత్త పల్స్‌ను పుట్టించి పంపవచ్చు. రొద ఆ మజిలీలోనే ఆగిపోతుంది.

మాట సంఖ్యగా మారిన తీరు

మాటను సంఖ్యగా మార్చాలంటే ముందు దానిని కొలవాలి. మైక్రోఫోన్ నుంచి వచ్చే విద్యుత్తు నిరంతరం మారుతూ ఉంటుంది. దానిని క్రమమైన వ్యవధిలో మళ్లీమళ్లీ కొలిచి, ఆ కొలతలను మాత్రమే పంపినా సరిపోతుంది. సంకేతంలోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కంటే తక్కువ కాకుండా కొలతలు తీస్తే చాలునన్న అవగాహనకు అమెరికాలో హ్యారీ నైక్విస్ట్ 1928లో పునాది వేశారు. రీవ్స్ తన పథకంలో సెకనుకు 6,000 కొలతలు తీసుకున్నారు. ప్రతి కొలతనూ 32 మెట్లలో ఏదో ఒకదానికి సర్దారు. అయిదు పల్స్‌లు ఉండటం, లేకపోవడం ద్వారా ఆ 32 మెట్లలో ప్రతిదానినీ చెప్పవచ్చు.

సర్దడంలో చిన్న తప్పు తప్పదు. అసలు విలువ రెండు మెట్ల మధ్య ఉంటే దగ్గరి మెట్టుకు జరపాలి. ఆ తేడా కూడా ఒక రకమైన రొదే. అయితే అది ఎంతకు మించదో ముందే తెలుసు. దూరంతో పాటు అది పెరగదు. మెట్లు ఎక్కువ చేస్తే ఇంకా తగ్గుతుంది. అదుపు లేని పెద్ద దోషాన్ని తప్పించుకోవడానికి, అదుపులో ఉండే చిన్న దోషాన్ని తెలిసి ఒప్పుకోవడమే ఈ పద్ధతిలోని వివేకం. దీనికి తరువాతి కాలంలో పల్స్ కోడ్ మాడ్యులేషన్, సంక్షిప్తంగా పీసీఎం అన్న పేరు స్థిరపడింది.

కొలతను సంఖ్యగా మార్చడానికి రీవ్స్ గడియారాన్ని ఆశ్రయించారు. కొలత తీసిన క్షణం నుంచి ఒక వోల్టేజి నిలకడగా పైకి ఎక్కుతూ వస్తుంది. అది కొలతతో సమానమైన క్షణంలో ఆగుతుంది. కొలత పెద్దదైతే ఎక్కువ సేపు, చిన్నదైతే తక్కువ సేపు. ఆ వ్యవధిలో సెకనుకు 6 లక్షల సార్లు కొట్టుకునే గడియారం ఎన్ని దెబ్బలు కొట్టిందో ఒక లెక్కింపు వలయం లెక్కపెడుతుంది. ఆ లెక్కే పంపవలసిన సంఖ్య.

అవతలి ఒడ్డున జరిగే పని నేటి డాక్‌కు పూర్వరూపం. అందిన సంఖ్యను అక్కడి లెక్కింపు వలయంలో నింపుతారు. అదే క్షణంలో ఒక స్విచ్చు తెరుచుకుంటుంది. గడియారం దెబ్బలతో లెక్క ముందుకు సాగి, 32 నిండి సున్నాకు తిరిగి రాగానే స్విచ్చు మూసుకుంటుంది. అందిన సంఖ్య 20 అయితే 12 దెబ్బల పాటు, అంటే సెకనులో 50 వేలవ వంతు, స్విచ్చు తెరిచి ఉంటుంది. సంఖ్య 30 అయితే రెండే దెబ్బలు. సంఖ్య పెద్దదయ్యే కొద్దీ వ్యవధి తగ్గుతుంది కనుక తరంగం తలకిందులుగా వస్తుంది. దానిని సరిచేయడం తేలిక. ఇలా సంఖ్య మళ్లీ కాలవ్యవధిగా మారుతుంది. వెడల్పు మారుతూ వచ్చే ఈ పల్స్‌లను ఒక వడపోత వలయం గుండా పంపితే, వేగపు కుదుపులు అణగిపోయి నునుపైన విద్యుత్ తరంగం మిగులుతుంది. ఆ తరంగమే మాట.

ఈ పథకానికి ఫ్రాన్సులో 1938 అక్టోబరులో పేటెంటు దరఖాస్తు దాఖలైంది. అమెరికా పేటెంటు 1942లో లభించింది. సంకేతాలను అంకెలుగా మార్చే ప్రయత్నం అంతకు ముందు లేకపోలేదు. వెస్టర్న్ ఎలక్ట్రిక్‌కు చెందిన పాల్ రైనీ 1926లోనే చిత్రాలను టెలిగ్రాఫ్ ద్వారా పంపేందుకు అటువంటి పద్ధతికి పేటెంటు పొందారు. అది మరుగున పడిపోయింది. మాట కోసం, ఆద్యంతం ఎలక్ట్రానిక్ పద్ధతిలో, రెండు ఒడ్డులకూ కావలసిన వలయాలతో పథకం వేసినది రీవ్స్.

పథకం సిద్ధమైంది గాని పనిముట్లు సిద్ధంగా లేవు. లెక్కపెట్టే ప్రతి వలయానికీ గాజు వాల్వులు కావాలి. అవి వేడెక్కేవి, కాలిపోయేవి, ఖరీదైనవి. ఒక్క సంభాషణను అంకెలుగా మార్చే పెట్టెకు అయ్యే ఖర్చుతో పాత పద్ధతిలోనే మరో తీగ వేయవచ్చు. వ్యాపారం దృష్టిలో ఆ పేటెంటు కాగితం మీది ముచ్చటగా మిగిలిపోయింది.

యుద్ధం, అంతరాత్మ

1940 జూన్‌లో జర్మనీ సేనలు పారిస్‌లో అడుగుపెట్టాయి. రీవ్స్ ఫ్రాన్సు విడిచి ఇంగ్లండ్ చేరుకున్నారు. అప్పటికి ఆయన శాంతివాది. చంపడానికి పనికివచ్చే ఆయుధాల మీద పనిచేయడానికి ఆయన మనసు అంగీకరించలేదు. మరోవైపు రాత్రివేళ చీకట్లో జరిగే బాంబుదాడులు గురి తప్పి కిలోమీటర్ల దూరంలో, నిద్రపోతున్న ఊళ్ల మీద పడుతున్నాయి. యుద్ధం ఆగదని తెలిసినప్పుడు, గురి కుదిరితే అమాయకుల ప్రాణాలు కొన్నైనా దక్కుతాయన్న తర్కం ఆయనను ఆ పనిలోకి నడిపించింది.

టెలికమ్యూనికేషన్స్ రిసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో ఫ్రాంక్ జోన్స్‌తో కలిసి ఆయన రూపొందించిన వ్యవస్థ పేరు ఓబో. ఇంగ్లండ్ తీరంలో రెండు కేంద్రాలు ఉంటాయి. విమానంలోని పరికరం వాటి నుంచి వచ్చే రేడియో పల్స్‌లకు బదులిస్తుంది. పల్స్ వెళ్లి వచ్చిన సమయాన్ని బట్టి విమానం ఎంత దూరంలో ఉందో నిర్ణయిస్తారు. ఒక కేంద్రం విమానాన్ని తన చుట్టూ గీసిన వృత్తంపైనే నడిచేలా చెవిలో శబ్దాలతో నడిపిస్తుంది. దారి తప్పితే చుక్కలు, గీతలు వినిపిస్తాయి. సరైన దారిలో ఉంటే నిలకడైన ఒకే స్వరం. ఆ స్వరం ఓబో అనే సుషిర వాద్యాన్ని తలపించడంతో ఆ పేరు వచ్చింది. రెండో కేంద్రం బాంబు విడవవలసిన క్షణాన్ని చెబుతుంది. ఇక్కడా రీవ్స్ నమ్మినది పల్స్‌నూ, గడియారాన్నీ.

1942 డిసెంబరు 20 రాత్రి మస్కీటో విమానాలు నెదర్లాండ్స్‌లోని లుటెరాడే విద్యుత్ కేంద్రంపై ఓబోను తొలిసారి ప్రయోగించాయి. ఒక జత కేంద్రాలు ఒకసారికి ఒక్క విమానాన్నే నడపగలవు. అందుచేత ఓబో విమానాలు ముందు వెళ్లి రంగు దీపాలతో లక్ష్యాన్ని గుర్తిస్తే, వెనుక వందల సంఖ్యలో బాంబర్లు వచ్చేవి. 1943 మార్చిలో ఎసెన్ నగరంపై జరిగిన భారీ దాడి ఓబో చూపిన గుర్తుల మీదుగానే సాగింది. క్రప్ కర్మాగారాలతో పాటు జనావాసాలూ ధ్వంసమయ్యాయి. గురి కుదిరితే ప్రాణాలు దక్కుతాయన్న ఆశకు, ఆ గురిని వాడుకున్న తీరుకు మధ్య ఎంత దూరం ఉందో రూర్ లోయ నగరాలు చూపాయి.

యుద్ధం చివరి రోజుల్లో అదే సాధనం మరో పనికి వచ్చింది. 1945 ఏప్రిల్ నెలాఖరున, తిండి లేక జనం చనిపోతున్న పశ్చిమ నెదర్లాండ్స్‌పై బ్రిటిష్ విమానాలు ఆహారపు బస్తాలు జారవిడిచాయి. ఆ బస్తాలు పడవలసిన చోట్లను ఓబో మస్కీటోలే గుర్తించి చూపాయి. తొలి బాంబు పడిన దేశంలోనే, అదే స్వరం వెంబడి అన్నం దిగింది.

పేటెంటు గడువు, ఫలితం రాక

ఈలోగా అమెరికాలో పీసీఎంకు ప్రాణం వచ్చింది. యుద్ధకాలపు రహస్య సంభాషణల కోసం బెల్ పరిశోధనాశాల నిర్మించిన సిగ్‌సాలీ వ్యవస్థ మాటను మెట్లుగా విడగొట్టి, గుప్తలిపిలో పంపింది. 1943 జూలై నుంచి అది వాషింగ్టన్, లండన్ నగరాలను కలిపింది. 1947 డిసెంబరులో బెల్ పరిశోధనాశాలలోనే ట్రాన్సిస్టర్ పుట్టింది. 1948లో క్లాడ్ షానన్ సమాచార సిద్ధాంతాన్ని ప్రకటించారు. అంకెలుగా మారిన సంకేతానికి గణితశాస్త్రపు అండ లభించింది. వేడెక్కే వాల్వుల స్థానంలో చిన్న ట్రాన్సిస్టర్లు రావడంతో రీవ్స్ వలయాలు ఆచరణకు అందాయి.

1962లో అమెరికాలో టీ1 పేరుతో తొలి వాణిజ్య పీసీఎం టెలిఫోన్ వ్యవస్థ పనిచేయడం మొదలుపెట్టింది. రెండు జతల తీగలపై ఒకేసారి 24 సంభాషణలు. సెకనుకు 8,000 కొలతలు. అప్పటికి రీవ్స్ అమెరికా పేటెంటు గడువు ముగిసి మూడు సంవత్సరాలు. ఆయన ఆలోచన మీద ప్రపంచం డబ్బు సంపాదించడం మొదలయ్యే వేళకు, దాని మీద ఎవరి హక్కూ మిగలలేదు.

గౌరవాలు ఆలస్యంగానైనా అందాయి. 1965లో ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్ ఆయనకు స్టువర్ట్ బాలంటైన్ పతకం ఇచ్చింది. 1969లో బ్రిటిష్ ప్రభుత్వం సీబీఈ బిరుదుతో సత్కరించింది. అదే సంవత్సరం అక్టోబరులో బ్రిటిష్ తపాలా శాఖ సాంకేతిక ప్రగతిపై వెలువరించిన నాలుగు బిళ్లల్లో ఒకటి పల్స్ కోడ్ మాడ్యులేషన్‌కు కేటాయించింది. దాని వెల ఒక షిల్లింగు.

వెలుగు దారి

యుద్ధానంతరం రీవ్స్ ఐటీటీకి చెందిన స్టాండర్డ్ టెలికమ్యూనికేషన్ లేబరేటరీస్‌లో పనిచేశారు. ఆ సంస్థ మొదట ఎన్‌ఫీల్డ్‌లో, తరువాత హార్లోలో ఉండేది. మాట అంకెలుగా మారితే సంభాషణల సంఖ్యకు అంతుండదని, అంతటి ప్రవాహానికి రాగి తీగలు చాలవని, కాంతి ఒక్కటే దానిని మోయగలదని ఆయన దృఢంగా నమ్మారు. చాలామందికి నమ్మకం లేని కాలంలో ఆ దిశగా పరిశోధనను ప్రోత్సహించారు. అక్కడే 1966లో చార్లెస్ కావో, జార్జ్ హాకమ్ శుద్ధమైన గాజు పోగుల గుండా కాంతి సంకేతాలు దూరం వెళ్లగలవని చూపే పరిశోధన పత్రం వెలువరించారు. ఆ కృషికి కావో 2009లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి అందుకున్నారు. నేటి ఆప్టికల్ ఫైబర్ ఆ పత్రం నుంచి పుట్టినదే.

రీవ్స్ అవివాహితుడు. పరిశోధన వదిలిన వేళల్లో యువకులకు అండగా నిలవడం, వృద్ధులకు తోడ్పడడం, జైలు నుంచి విడుదలైన వారు తిరిగి నిలదొక్కుకునేలా చూడడం ఆయన వ్యాపకాలు. మనసు నుంచి మనసుకు సందేశం చేరుతుందా అన్న ప్రశ్న కూడా ఆయనను జీవితాంతం వదలలేదు. ఆ ఆసక్తిని ఆయన దాచుకోలేదు. ఉద్యోగం చివరి దశలో సొంత పరిశోధన సంస్థను ప్రారంభించిన కొద్ది కాలానికే, 1971 అక్టోబరు 13న, 69వ ఏట మరణించారు.

గొంతు తిరిగి వచ్చిన వేళ

సంగీతాన్ని అంకెలుగా రికార్డు చేసే ప్రయోగాలు రీవ్స్ జీవించి ఉండగానే మొదలయ్యాయి. జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే 1967లో పీసీఎం రికార్డరును నిర్మించింది. బీబీసీ 1972 నుంచి తన రేడియో కార్యక్రమాలను స్టూడియోల నుంచి ట్రాన్స్‌మిటర్లకు పీసీఎం రూపంలో పంపసాగింది. ఫిలిప్స్, సోనీ సంస్థలు ఉమ్మడిగా రూపొందించిన కాంపాక్ట్ డిస్క్ 1982 అక్టోబరు 1న జపాన్‌లో అమ్మకానికి వచ్చింది.

సీడీలో రీవ్స్ 6,000 కొలతలు 44,100 అయ్యాయి. మనిషి చెవికి వినిపించే 20 వేల హెర్ట్జ్ వరకు పట్టుకోవడానికి ఆ మాత్రం అవసరం. సరిగ్గా ఆ అంకెకే ఆగడానికి మరో కారణం ఉంది. తొలి రోజుల్లో డిజిటల్ ధ్వనిని వీడియో టేపుల మీద నింపేవారు. ఒక్కో వీడియో గీతకు మూడు కొలతలు, ఒక్కో క్షేత్రానికి 245 గీతలు, సెకనుకు 60 క్షేత్రాలు. హెచ్చవేస్తే వచ్చేది 44,100. రీవ్స్ 32 మెట్లు 65,536 మెట్లయ్యాయి. ఒక్కో కొలతకు అయిదు పల్స్‌లకు బదులు 16.

ఆ 16 అంకెలను విద్యుత్తుగా మార్చడానికి మొదట్లో కిరాణా కొట్టు తూకపు రాళ్ల పద్ధతి పాటించారు. ప్రతి రాయీ అంతకు ముందు రాయికి రెట్టింపు బరువు. సంఖ్యలో ఏ స్థానంలో ఒకటి ఉంటే ఆ రాయి వేస్తారు. అన్నీ కలిపిన బరువే ఆ క్షణపు వోల్టేజి. వినడానికి సులువైన ఈ పద్ధతిలో పెద్ద చిక్కు ఉంది. 16 రాళ్లలో అన్నిటికంటే పెద్దది అన్నిటికంటే చిన్నదానికి 32,768 రెట్లు. పెద్ద రాయిలో అణుమాత్రం తేడా వచ్చినా చిన్న రాళ్ల తూకం అర్థం లేనిదవుతుంది. సంగీతంలోని అతి మంద్రమైన ధ్వనులు నివసించేది ఆ చిన్న రాళ్లలోనే. తొలి ఫిలిప్స్ ప్లేయర్లు 14 అంకెల డాక్‌నే వాడి, కొలతల వేగాన్ని నాలుగు రెట్లు పెంచడం ద్వారా లోటు పూడ్చుకున్నాయి. సోనీ తొలి ప్లేయరు 16 అంకెల డాక్ ఒక్కదానినే రెండు చెవులకూ వంతులవారీగా నడిపింది.

1980ల చివరికి ఇంజనీర్లు మరో దారి పట్టారు. రాళ్లన్నీ తీసేసి ఒక్క స్విచ్చు మిగిల్చారు. దానిని అతివేగంగా తెరుస్తూ మూస్తూ, తెరిచి ఉన్న కాలం, మూసి ఉన్న కాలం మధ్య నిష్పత్తితోనే వోల్టేజిని పలికించారు. ఫిలిప్స్ బిట్‌స్ట్రీమ్ పద్ధతిలో ఆ స్విచ్చు సెకనుకు కోటికి పైగా నిర్ణయాలు తీసుకుంటుంది. జపాన్‌లో రూపొందిన మాష్ పద్ధతి పల్స్ వెడల్పును మార్చి అదే ఫలితం సాధిస్తుంది. చివరన ఒక వడపోత వలయం ఆ కుదుపులను నునుపు చేస్తుంది. తూకపు రాళ్లను అతి కచ్చితంగా తయారుచేయడం కష్టం. కాలాన్ని కచ్చితంగా కొలవడం తేలిక. స్విచ్చు, గడియారం, పల్స్ వెడల్పు, వడపోత: 1938 నాటి పేటెంటులో రీవ్స్ అవతలి ఒడ్డున అమర్చిన పరికరాలు ఇవే. గణితం ఎంతో ముందుకు సాగింది, వేగం ఎంతో పెరిగింది. కాలవ్యవధిని వోల్టేజిగా మార్చుకోవాలన్న మూల సూత్రం మాత్రం అర్ధశతాబ్దం తరువాత ఇళ్లలోని ప్లేయర్లలో తిరిగి కనిపించింది.

రీవ్స్ పని భారతదేశానికి మొదట చేరింది సంగీతంగా కాదు, టెలిఫోన్‌గా. 1984లో ఏర్పడిన సీ-డాట్ రూపొందించిన డిజిటల్ ఎక్స్ఛేంజీలు ఆంధ్రప్రదేశ్ సహా దేశమంతటి గ్రామాలకు విస్తరించాయి. ఆ ఎక్స్ఛేంజీలో ప్రతి మాటా సెకనుకు 8,000 కొలతలుగా, ఒక్కో కొలత ఎనిమిది అంకెలుగా మారి ప్రయాణించింది. పసుపు రంగు ఎస్‌టీడీ బూతులో నిలబడి దూరాన ఉన్న కొడుకు గొంతు విన్న తల్లికి ఆ గొంతు అంకెలుగా విడిపోయి తిరిగి కలిసిందని తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు. ఘంటసాల పాటలు టేపుల మీది నుంచి సీడీలలోకి వచ్చినా, ఆకాశవాణి భాండాగారంలోని పాత గొంతులు డిజిటల్ రూపం ధరించినా, జరిగినది అదే. టేపుకు నకలు తీసిన ప్రతిసారీ కొంత రొద చేరుతుంది. అంకెలకు నకలు తీస్తే అంకెలే వస్తాయి.

సముద్రం దాటిన మాట రొదలో మునిగిపోకూడదన్నది అలెక్ రీవ్స్ పట్టుదల. ఆయనకు దాని వల్ల సంపద రాలేదు. తన ఆలోచన పాడగా ఆయన వినలేదు. ఒక పాత పాట శుభ్రంగా వినిపించిన ప్రతి ఇంటిలో, ప్లేయరు లోపలి చిన్న డాక్ ఆయన అవతలి ఒడ్డున ఉంచిన పనినే చేస్తూ ఉంది.